మెలటోనిన్, అండము, తొలి పిండము
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము, పిడుగురాళ్ల)



స్మరింపబడు మహనీయుని మొదట కొంతసేపు కొనియాడి, పిమ్మట ఉపన్యాసకుడు తనకిష్టమైన విషయమునకు మరలిపోవుట మన సభలలో ఆచారమై యున్నది. నేడు నాకు ఆ మరలింపుతో పని లేదు. ఏలయన, నేను చెప్పదలచిన విషయము సుబ్బారావుగారి కృషిలోనుండియే పుట్టుచున్నది. 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, స్ప్రూ అను సంగ్రహణి వ్యాధికి సోదరులిద్దరిని బలియిచ్చి, తానును అదే వ్యాధితో మరణద్వారము వరకు పోయి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడి, 1922లో బోస్టను నగరము చేరిన ఆ మహాశయుడు, హార్వర్డులో ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కలసి కండరములలోని ఫాస్ఫరస్ సమ్మేళనములను వెదకుచు 1929 నాటికి ఏటీపీని వేరుచేసెను. ప్రతి జీవకణమును తన పనికి వెచ్చించు శక్తినాణెము అదియే. అంతటి పని చేసినవానికి హార్వర్డు స్థిరమైన కొలువు నీయలేదు. 1940లో ఆయన లెడర్లీ అను ఔషధ సంస్థకు పోయి, అచ్చట ఒక పెద్ద పరిశోధక బృందమును నడిపి, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సుననే, కన్నుమూసెను.

అండము బ్రతికియుండుట ఏటీపీ వలన. పిండములో వెన్నునాళము సరిగా మూసికొనుట ఫోలిక్ ఆమ్లము వలన. ఈ రెండింటికిని నడుమ, అండము పక్వమగు గడియలలోను, పిండము తొలి వారమున విభజన చెందు గడియలలోను, మెలటోనిన్ అను మూడవ అణువు చేయు పనిని గురించి నేడు మీకు విన్నవింపదలచితిని. ఈ అణువును గురించి పత్రికలలోను, ఔషధపు దుకాణములలోను, సంతానసాఫల్య కేంద్రముల ప్రకటనలలోను ఎంతో మాట నడచుచున్నది. అందులో ఎంత నిలుచును, ఎంత నిలువదు అనుటకు కొలబద్ద మనకు సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమే యని నా అభిప్రాయము.

ముందు అండమును చూతము. స్త్రీ శరీరములోని కణములలోనెల్ల అదియే పెద్దది. వ్యాసము మిల్లీమీటరులో ఇంచుమించు పదవ వంతు, అనగా మంచి వెలుతురులో సూక్ష్మదర్శిని లేకయే ఒక చుక్కగా కానవచ్చునంత. ఆడపిల్ల ఇంకను తన తల్లి కడుపులో నున్నప్పుడే ఈ అండములన్నియు ఏర్పడి, క్షయకరణ విభజనను ఆరంభించి, అది ముగియకుండగనే మధ్యలో ఆగిపోవును. పుట్టునాటికి పది లక్షలకు మించియుండు నవి, ఆ పిల్ల పుష్పవతి యగునాటికి మూడు నాలుగు లక్షలకు దిగును. జీవితకాలమంతటను నెలకొక్కటిగా వెలువడునవి నన్నూరో, అంతకు కొంచెము హెచ్చో. కావున ముప్పదియైదేండ్ల తల్లి బిడ్డ ఏ అండమునుండి పుట్టినదో, ఆ అండము వయస్సు ముప్పదియైదేండ్లకు పైమాటయే. అన్ని సంవత్సరములు ఆగిన విభజన, మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి ఒకనాడు పంపు హార్మోను వెల్లువతో తిరిగి కదలి, శుక్రకణము లోనికి చొచ్చిన పిమ్మటనే ముగియును. ఆ కదలికలో క్రోమోజోములు సమముగా విడిపోవలెను. విడిపోవుటకు శక్తి కావలెను. శక్తి కొరకు మైటోకాండ్రియా కావలెను.

ఒక్క పక్వాండములో మైటోకాండ్రియాలు లక్షకు తక్కువ కాకుండ ఉండును. శుక్రకణముతో వచ్చిన కొద్దిపాటి మైటోకాండ్రియాలు అండములో నాశనమగును. మరియొక విశేషము: ఫలదీకరణ జరిగినది మొదలు పిండము గర్భాశయమునకు అంటుకొను దశ వరకును కొత్త మైటోకాండ్రియాలు పుట్టవు. రెండు కణములు, నాలుగు, ఎనిమిది, ఇట్లు చీలునప్పుడెల్ల తల్లి అండమిచ్చిన ఆ నిధియే పంచుకొనబడుచుండును. ఆ నిధి పాడైనచో అప్పు పుట్టదు.

అది ఏల పాడగును? పిడుగురాళ్లవారికి ఈ సంగతి చెప్పుటకు దూరపు ఉపమానము అక్కరలేదు. బట్టీలో సున్నపురాయి కాలునప్పుడు పొగ లేకుండ సున్నము రాదు. మైటోకాండ్రియాలో ఆహారము ఆమ్లజనితో కలసి ఏటీపీ యగునప్పుడును, ఆ ఆమ్లజనిలో స్వల్పభాగము సగము మార్పు చెంది, ఎదుటనున్న దేనినైనను పట్టి చెరపగల స్వేచ్ఛా ప్రాతిపదికలుగా బయటపడును. ఇవి కణపు పొరలలోని క్రొవ్వును, మాంసకృత్తులను, చివరకు డీఎన్ఏను గూడ గాయపరచును. పైగా అండము వెలువడు ఘట్టము ఒకవిధమైన శోథ వంటిది; అండమును పొదిగియుంచు పుటిక గోడ పగులుటకు తెల్లకణములు వచ్చి చేరును, రక్తనాళములు ఉబ్బును, ప్రాతిపదికలు పెచ్చుపెరుగును. అవి బొత్తిగా లేకున్నను పుటిక పగులదని ఎలుకలలో చూపబడినది గనుక వానిని కేవలము శత్రువులని నిందించుటయు తగదు. అవి కొంత కావలెను, హెచ్చు కారాదు. ఆ హద్దును నిలుపు పని ఎవ్వరు చేయుదురన్నచోట మెలటోనిన్ ప్రవేశించును.

ఈ అణువు చరిత్ర కప్పపిల్లలతో మొదలైనది. 1917లో మెక్‌కార్డ్, ఆలెన్ అను ఇద్దరు, ఎద్దుల మెదడులోని పీనియల్ గ్రంథి సారమును తోకకప్పలకు పెట్టగా వాని చర్మము రంగు వెలిసెను. నలుబదియేండ్లకు పిమ్మట, 1958లో, యేల్ విశ్వవిద్యాలయమున చర్మవైద్యుడైన ఆరన్ లెర్నర్, బొల్లి వంటి చర్మవ్యాధులకు మందు దొరకునేమో యను ఆశతో, కబేళాల నుండి తెప్పించిన వేలకొలది పశువుల పీనియల్ గ్రంథులను నూరి, వడగట్టి, ఈ పదార్థమును శుద్ధిచేసి దానికి మెలటోనిన్ అని పేరుపెట్టెను. ఆయన కోరిన మందు కాలేదు గాని, రాత్రిని శరీరమునకు తెలియజెప్పు వార్తాహరుడు దొరకెను. మనము తిను పప్పులోను, పాలలోను ఉండు ట్రిప్టోఫాన్ నుండి సెరటోనిన్, దానినుండి రెండు ఎంజైముల సాయముతో మెలటోనిన్ తయారగును. కంటిలో పడు వెలుతురు తగ్గినప్పుడు ఈ తయారీ ఆరంభమై, అర్ధరాత్రి దాటిన పిమ్మట మిక్కుటమై, తెల్లవారుసరికి అడుగంటును.

గేదెల పెంపకమెరిగిన పల్నాటి రైతునకు ఈ గడియారపు సంగతి పేరు తెలియకున్నను ఫలితము తెలియును. ఎండలు ముదిరి పగళ్లు పొడవైన నెలలలో గేదె ఎదకు రాదు, వచ్చినను మూగ ఎదగా పోవును. రాత్రులు పెరిగి చలి తగిలిన నెలలలో ఎద స్పష్టమై, చూడి నిలుచును. మన అక్షాంశమున అతి దీర్ఘమైన పగటికిని అతి హ్రస్వమైన పగటికిని భేదము ఇంచుమించు రెండు గంటలే. ఆ రెండు గంటలను గేదె శరీరము లెక్కపెట్టగలుగుట మెలటోనిన్ మూలముననే. లూధియానాలో వేసవిలో ఎదకు రాని ముర్రా పడ్డలకు చర్మము క్రింద మెలటోనిన్ గుళికలు పెట్టి అవి మరల ఎదకు వచ్చుటను పరిశోధకులు చూచిరి. రాష్ట్రములోనే అధికోష్ణమునకు పేరుపడ్డ రెంటచింతల మనకు పొరుగూరు. అచ్చటి వేసవిలో గేదెకు కలుగు బాధ పగటి పొడవు వలన కొంత, ఎండ వలన అండములో పెరుగు ప్రాతిపదికల వలన కొంత.

ఐనను 1987 వరకును మెలటోనిన్ పని పైనుండి ఆజ్ఞలు పంపుట మాత్రమే యని అందరి భావము. ఆ యేట అమెరికాలో బ్రెజెజిన్స్కీ బృందమువారు, టెస్ట్‌ట్యూబ్ ఫలదీకరణకై వచ్చిన స్త్రీల పక్వపుటికలనుండి తీసిన ద్రవమును పరీక్షించి, ఆ ద్రవములో మెలటోనిన్, అదేవేళ తీసిన రక్తములోకంటె మూడు రెట్లకు మించి యున్నదని కనుగొనిరి. రక్తములోనిది వడగట్టబడి వచ్చుటయే ఐనచో అంత హెచ్చు ఎట్లుండును? పుటిక దానిని పట్టి ఉంచుకొనుచున్నదనియో, తానే తయారుచేసికొనుచున్నదనియో అనుకొనవలసి వచ్చెను. పిదప ఎలుక అండకోశములో ఆ రెండు ఎంజైములును దొరకెను. 1993లో టెక్సాస్‌నందు టాన్, రైటర్ అనువారు మెలటోనిన్ స్వయముగా హైడ్రాక్సిల్ ప్రాతిపదికను పట్టి నిర్వీర్యము చేయునని నిరూపించిరి. 2016లో చైనా శాస్త్రజ్ఞులు చుంచెలుక అండములోని మైటోకాండ్రియాలే మెలటోనిన్‌ను తయారుచేయుచున్నవని చూపిరి. ఏ కొలిమిలో పొగ పుట్టుచున్నదో ఆ కొలిమిలోనే దానికి విరుగుడును పుట్టుచున్నదనుట నన్ను ఇన్నేండ్లుగా ఆశ్చర్యపరచుచున్న సంగతి. ఈ చిన్న అణువునకు క్రొవ్వుపొరలను దాటుట సులువు, నీటిలోను మెలగగలదు. ఒక ప్రాతిపదికను అణచి తాను మారిపోయిన పిమ్మట, ఆ మారిన రూపమును మరియొక ప్రాతిపదికను అణచును. అండపు పొరమీద దీనికై గ్రాహకములును కలవు. వాని ద్వారా కణము తన సొంత రక్షణ ఎంజైములను హెచ్చించుకొనును.

ఇక ప్రయోగశాలలోని పిండము సంగతి. దీనిని దగ్గరనుండి చూడవలెనన్న గేదె పిండముల పనిని చూడవలెను. ఆ విద్యలో మన దేశము ఇతరులకు వెనుకబడి లేదు. ప్రపంచమున మొట్టమొదటి టెస్ట్‌ట్యూబ్ గేదెదూడ 1990లో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో పుట్టెను; దానికి ప్రథమ్ అని పేరు. గుంటూరు చెంత లాం ఫారమునందు ఒంగోలు జాతిమీద పిండమార్పిడి పనులు జరుగుచున్నవి. పని ఇట్లు సాగును: కబేళా నుండి అండకోశములను గోరువెచ్చని ఉప్పునీటి ఫ్లాస్కులో తెత్తురు; ఒక్కొక్క పుటికలో సూది గ్రుచ్చి ద్రవమును లాగి, గాజుపళ్లెములో పోసి, సూక్ష్మదర్శిని క్రింద అండములను ఏరుదురు. చుట్టును పోషకకణముల పొరలు దట్టముగా, లోపలి పదార్థము సమముగా ఉన్నవానిని ఉంచుకొని, పొర లూడినవానిని త్రోసివేయుదురు. గేదె అండకోశము ఆవు దానికంటె చిన్నది, అండములును కొద్ది. కావున ఒక్కొక్కటియు విలువైనదే. ఏరిన వానిని ముప్పదియెనిమిదిన్నర డిగ్రీలలో ఒక దినమునకు కొంచెము తక్కువగా పండనిచ్చి, శుక్రకణములతో కలిపి, ఏడెనిమిది దినములు పెంచుదురు. నూటికి ఏ ఇరువదియో ముప్పదియో మాత్రమే గర్భాశయమునకు అంటుకొనుటకు సిద్ధమగు బ్లాస్టోసిస్ట్ దశకు చేరుట ఈ పనిలో వాడుక.

మిగిలినవి ఏల ఆగిపోవుచున్నవి? గర్భాశయనాళములో ఆమ్లజని నూటికి రెండు మొదలు ఎనిమిది వంతులు; బయటి గాలిలో ఇరువదియొకటి. ప్రకృతిలో ఏ పిండమును ఎరుగనంత ఆమ్లజనిలో ఈ పిండము పెరుగవలసి వచ్చుచున్నది. పైగా ఇన్‌క్యుబేటరు తలుపు తీసినప్పుడెల్ల వెలుతురు. పుటికాద్రవము పళ్లెములో లేదు గనుక మెలటోనిన్ లేదు. దానిని మనమే చేర్చినచో? జపానులో 2000 సంవత్సరమున చుంచెలుక పిండములకు, పిమ్మట పందులకును పశువులకును చేర్చి చూచిరి. మన బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థవారు 2009లో గేదె పిండములకు టౌరిన్‌తోబాటు మెలటోనిన్ చేర్చి, అది పిండములకు మేలుచేయుచున్నదని ప్రకటించిరి. మోతాదు మాత్రము మిక్కిలి స్వల్పము కావలెను. హద్దు మీరినచోట మేలు కనబడక, ఒక్కొక్కచో కీడే కనబడినది. పళ్లెములోని పిండమునకు మెలటోనిన్ సహాయకారి యనుటకు ఇన్ని జాతులలో ఇన్ని చోట్ల సాక్ష్యము లభించినది గనుక దానిని నేను నిస్సంకోచముగా అంగీకరించుచున్నాను.

స్త్రీలకు మాత్రలుగా ఇచ్చుట వేరు సంగతి. జపానులోని యమగూచి విశ్వవిద్యాలయమున తమురా బృందమువారు 2008లో ప్రకటించిన పరిశీలన విరివిగా ఉదాహరింపబడుచున్నది. ముందటి యత్నములో అండములలో సగమైనను ఫలదీకరణ చెందని 115 మంది స్త్రీలలో 56 మందికి రాత్రి పదిగంటలకు మూడు మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చి, 59 మందికి ఇయ్యక, రెండవ యత్నము చేసిరి. మాత్ర తిన్నవారిలో ఫలదీకరణ ఇంచుమించు రెండింతలై, 11 మంది గర్భవతులైరి, తిననివారిలో ఆరుగురు. ఆశాజనకమే. కాని మాత్ర ఎవరు తినుచున్నారో తినువారికిని తెలియును, ఇచ్చువారికిని తెలియును. అట్టి పరిశీలన నిర్ణయమునకు చాలదు. 2018లో ఆస్ట్రేలియాలో 160 మందిని చీట్లువేసినట్లు విభజించి, కొందరికి మందు లేని ఉత్త మాత్రలు, కొందరికి మూడు వేర్వేరు మోతాదులలో మెలటోనిన్ ఇచ్చి, ఎవరిది ఏదో ఎవరికిని తెలియకుండ నడపిరి. పుటికాద్రవములో మెలటోనిన్ పెరిగెను. గర్భధారణలో మాత్రము భేదము కనబడలేదు. అది చిన్న ప్రయత్నమే గనుక తలుపు మూయబడినదనరాదు. తెరువబడినదనియు అనరాదు.

ఇచ్చట ఫోలిక్ ఆమ్లమును తలచుకొనవలెను. 1931 నాటికి బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల పాండురోగము ఈస్టుసారముతో కుదురునని లూసీ విల్స్ అను వైద్యురాలు చూపెను. ఆ సారములోని గుణమేదో సుబ్బారావుగారి బృందము చేతికి వచ్చుటకు పదునాలుగేండ్లు పట్టెను. అది పిండపు వెన్నునాళమును కాపాడునా యను ప్రశ్నకు నిర్ణయము 1991లో వచ్చెను. బ్రిటనువారి వైద్య పరిశోధన మండలి ఏడు దేశములలో, 33 కేంద్రములలో, అదివరకట్టి లోపముగల బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలను తీసికొని చేసిన పరిశోధనలో, ఫోలిక్ ఆమ్లము తినినవారి బిడ్డలలో ఆరుగురికి, తిననివారి బిడ్డలలో ఇరువదియొక్కరికి ఆ లోపము కనబడెను. మేలు అంత స్పష్టమైనందున పరిశోధనను గడువునకు ముందే ఆపివేసిరి. ఈస్టు మొదలు నిర్ణయము వరకు అరువదియేండ్లు. మెలటోనిన్ ఆ మెట్టు ఇంకను ఎక్కలేదు. ఎక్కనిదానిని ఎక్కినట్లు చెప్పి, బిడ్డకై కన్నీరు పెట్టుకొనుచున్న దంపతుల చేతిలో చీటీ పెట్టుట నా దృష్టిలో వైద్యధర్మము కాదు.

వయస్సును గురించి ఒక మాట. 2019 సెప్టెంబరులో మన గుంటూరులో డెబ్బదియేండ్లు దాటిన ఒక వృద్ధమాత కవలలను కనినప్పుడు లోకమంతయు వార్త పొక్కెను. అనేకులు దానినిబట్టి వయస్సునకు హద్దు లేదనుకొనిరి. ఆ అండము ఆమెది కాదు, వేరొక పడుచు స్త్రీ దానముచేసినది. గర్భాశయము ముదిమిలోను మోయగలదు గాని అండము ముదిమిని దాచలేదనుటకు ఆ కాన్పు నిదర్శనము. 2021 నాటి చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి ఏబదియేండ్ల హద్దు పెట్టినది. అది తగిన హద్దే. పుటికలోని మెలటోనిన్ గూడ వయస్సుతో తగ్గుచున్నదని పరిశోధనలు చెప్పుచున్నవి. దానిని మాత్రతో పూడ్చగలిగినచో అండము పడుచుదగునని అనుకొనుటకు మాత్రము ఆధారము లేదు.

ఇక మన ఊరి రాత్రిని గురించి. ఇచ్చటి సున్నపుబట్టీలు రాత్రియు ఆరవు. అద్దంకి నార్కెట్‌పల్లి దారిని లారీలు రాత్రియు ఆగవు. చిలకలూరిపేట, గణపవరము చెంతనున్న నూలుమిల్లులలో రాత్రి షిఫ్టులు నడచుచునే యుండును. కంటిలో పడు వెలుతురు, అందులోను నీలివన్నె వెలుతురు, మెలటోనిన్‌ను అణచునని 1980 మొదలు పలుమార్లు నిరూపితమైనది. రాత్రి షిఫ్టు చేయు స్త్రీలలో ఋతుక్రమము తప్పుట కొంత హెచ్చని గమనించినవారు కలరు. ఐతే, పిల్లలు లేని ఇల్లాలిని ఇరుగుపొరుగు ఇప్పటికే వేయి మాటలు అనుచున్నది. ఆ వేయికి తోడు నీ సెల్‌ఫోనే నీకు సంతానము లేకుండ చేసినదను మాటను శాస్త్రము పేరిట చేర్పకుడు. అట్లని శాస్త్రము చెప్పలేదు. సంతానము కలుగకపోవుటలో పురుషుని లోపమును సమానముగానే కనబడుచున్నదని వైద్యులైనవారందరకు తెలియును. పరీక్షకు మాత్రము మొదట కోడలినే తీసికొనివత్తురు.

నేను అడుగునవి స్వల్పములు. మిల్లుల యజమానులు, గర్భము కోరుచున్న స్త్రీకిని గర్భిణికిని వరుస రాత్రి షిఫ్టులు వేయక, చీకటి గదిలో నిదురించు హక్కును ఆమెకు ఇండు. దానికి ఏ పరిశోధన ఫలితముకొరకును వేచియుండనక్కరలేదు. వైద్యమిత్రులు మెలటోనిన్ వ్రాయునప్పుడు, ఇది నిర్ణయమైన మందు కాదని తెలుగులో, దంపతులిద్దరకును, నోటితో చెప్పుడు. పశువైద్య విద్యార్థులు మన ఎండలలో మన గేదె అండములమీద ఈ పని చేపట్టుడు. ఈ దేశములో ఈ ప్రశ్నకు మనకంటె తగిన చోటు లేదు.

కడపటిది, నాకు అన్నింటికంటె ముఖ్యమైనది. పిండపు వెన్నునాళము గర్భము నిలిచిన ఇరువదియెనిమిది దినములలోపుగా మూసికొనును. మన ఆడపడుచులు ఆశా కార్యకర్తకు కబురుచేసి పేరు నమోదు చేయించుకొనుసరికి రెండవ నెలయో, మూడవ నెలయో వచ్చును. అప్పటికి ఆ పని ముగిసి చాలదినములై యుండును. ఒక తెలుగువాని బృందము లోకమునకిచ్చిన ఫోలిక్ ఆమ్లము తెలుగింటికే ఆలస్యముగా చేరుచున్నది. రోజునకు నాలుగువందల మైక్రోగ్రాములు, గర్భమునకు కనీసము ఒక నెల ముందునుండి. ఈ సభకు వచ్చిన ప్రతి ఒక్కరును, పెండ్లి కుదిరిన ఒక్క ఇంటికి పోయి, ఆ మాటను ఆ ఇంటి పెద్దలకును ఆ పిల్లకును చెప్పి రండని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.